మా అక్క ఇనుము ఎత్తడం మాన్పించడానికి తొండియార్‌పేట వెళ్లిన శనివారం

ఇన్నాళ్లూ ఈ బ్లాగులో గుళ్ల గురించే రాశాను. ఈసారి రాసేది మద్రాసులోని ఒక వ్యాయామశాల గురించి. మా ఊరు సూళ్లూరుపేట, రోజంతా మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టడం నా పని. పుట్టుకతోనే కంగారు మనిషిని. పోయిన నెల మా అక్క రమణమ్మ కూతురు ఫోను చేసి, "పిన్నీ, అమ్మ జిమ్ముకి పోతా ఉంది. ముప్పై కిలోల ఇనుము ఎత్తతా ఉంది" అని నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అక్కకి యాభై ఏడేళ్లు. ఆడవాళ్లు బరువులెత్తితే గర్భసంచి జారుతుందనీ, ఒళ్లు మగవాళ్లలా గట్టిపడుతుందనీ మా వీధిలో అందరూ అనే మాటే. వెళ్లి నాలుగు చీవాట్లు పెట్టి మాన్పించాలని శనివారం పొద్దున బయల్దేరాను.

అది పైకి చెప్పిన కారణం. లోపల ఇంకొకటి ఉంది. ఆ ఫోను రావడానికి వారం ముందు నేను బాత్రూంలో కళ్లు తిరిగి కూలబడ్డాను. ఎక్కడా దెబ్బ తగల్లేదు గానీ నేలమీద నుంచి లేవలేకపోయాను. గోడ పట్టుకున్నాను, బకెట్టు పట్టుకున్నాను, మోకాళ్లు మాట వినలేదు. పావుగంటకు ఎలాగో లేచాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను మరి. వీధి వీధంతా "ఏం చేశావు సుజాతా, మాకూ చెప్పు" అని వెంటపడుతున్న రోజులవి. కూలబడ్డానని చెబితే ఆ మెప్పు కాస్తా పోదూ? అప్పట్నించీ స్నానానికి వెళ్లిన ప్రతిసారీ గుండె దడదడలాడేది. మళ్లీ పడితే ఈసారి లేస్తానా అన్నదే నా భయం.

ఎలా తగ్గానో కూడా చెప్పాలి. అన్నం మానేశాను. పప్పు వాతం, గుడ్డు వేడి, రాత్రిపూట పెరుగు కఫం అని అవీ మానేశాను. పొద్దున నిమ్మకాయ తేనె నీళ్లు, సాయంత్రం రెండు ఇడ్లీలు. ఇడ్లీ కూడా బియ్యమే కదా అని ఒక్కసారైనా తోచలేదు. ఇంట్లోవాళ్లు తినమని సతాయిస్తుంటే ఒక ఉపాయం చేశాను. సోమ, గురు, శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని దేవుడికి మొక్కుకున్నాను. దేవుడి పేరు చెబితే మన దేశంలో ఎవరూ నోరెత్తరు. మా ఆయన కూడా అప్పటినుంచి అడగడం మానేశాడు. అయితే ఆ ముడి నా మెడకే పడింది. ఒంట్లో సత్తువ లేదని మొక్కు తప్పితే ఇంటిమీదికి ఏం వస్తుందోనని ఇంకో దిగులు పట్టుకుంది.

సూళ్లూరుపేట నుంచి మద్రాసు వెళ్లే లోకల్ రైలు తొండియార్‌పేటలోనూ ఆగుతుంది. నేను ఎక్కింది ఉదయం ఆరున్నర ప్రాంతంలో. దాదాపు రెండు గంటల ప్రయాణం, టికెట్టు ముప్పై రూపాయలు దాటదు. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజే చూసుకోండి. ఎడమవైపు కిటికీ దొరికితే అత్తిపట్టు దాటాక థర్మల్ పొగగొట్టాలూ, ఎన్నూరు దగ్గర ఉప్పుటేరూ కనిపిస్తాయి. నేను అవేవీ సరిగా చూడలేదు. సీసాలోని నిమ్మకాయ నీళ్లు తాగుతూ, అక్కను ఏమని తిట్టాలో మనసులో వల్లెవేసుకుంటున్నాను. ఎన్నూరులో ఒక చేపలావిడ గంపతో ఎక్కింది. తొండియార్‌పేటలో దిగేటప్పుడు నావైపు తిరిగి, "అమ్మా, కొంజం చెయ్యి పట్టు, తలమీద పెట్టుకుంటా" అంది. గంప నెత్తికెత్తుకోవాలంటే ఎవరైనా ఇంకో చెయ్యి వేయాలి, మామూలే. రెండు చేతులా పట్టి ఎత్తబోయాను. నడుము ఎత్తు దాటలేదు. వెనక నిలబడ్డ కాలేజీ అమ్మాయి వచ్చి ఒక్క ఊపులో లేపింది. చేపలావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఒడంబు బాగలేదామ్మా?" అని నా ఒంటి సంగతి అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్దది.

స్టేషను బయట ఆటో ఎక్కి యాభై రూపాయలకు అక్క ఇంటికి చేరాను. అక్క తొండియార్‌పేటకు కాపురానికొచ్చి ముప్పై అయిదేళ్లయింది, భాషలో సగం అరవం కలిసిపోయింది. నన్ను చూడగానే, "ఏందే సుజా, ఇట్లా ఎండిపోయినావు?" అంది. నేను మెచ్చుకోలు అనుకుని చీర సర్దుకున్నాను. కాఫీ వద్దన్నాను, ఉప్మా వద్దన్నాను, శనివారం ఒక్కపొద్దు అన్నాను. తొమ్మిది నుంచి పది దాకా తిట్టాలనుకున్నవన్నీ తిట్టాను. అక్క కూరగాయలు తరుగుతూ అన్నీ విని, "సెరి, నువ్వే వచ్చి చూడు. చూసినాక, అప్పురం మానెయ్యమంటే మానేస్తా" అంది.

వ్యాయామశాల మార్కెట్టు వెనక సందులో, రేకుల షెడ్డు. అక్క ఇంటి నుంచి నడిచి పది నిమిషాలు. పది నుంచి పదకొండున్నర దాకా ఆడవాళ్లకే, నెలకు అయిదువందలు. నడిపేది యేసుపాదం మాస్టరు. ఒకప్పుడు హార్బరులో మూటలెత్తిన మనిషి, అరవై దాటింది. ఆయన క్రైస్తవుడే అయినా షెడ్డు యజమాని గుమ్మం పక్కన పెట్టిన చిన్న పిళ్ళయారును, అంటే మన వినాయకుణ్ణి, అలాగే ఉంచాడు. లోపలికి వెళ్లే ప్రతి ఆడమనిషీ చెవులు పట్టుకుని మూడు గుంజీళ్లు తీసి మరీ వెళ్తోంది. అక్క కూడా తీసింది, దించిన నడుము తడబడకుండా లేచింది. దేవుడి దగ్గర నేనెందుకు వెనకాడతాను? పైగా తొమ్మిది కిలోలు తగ్గినదాన్ని. చెవులు పట్టుకుని మొదటిది ఎలాగో లేచాను. రెండోదానికి కిందికి వెళ్లాను. అంతే, అక్కడే ఉండిపోయాను.

కళ్లముందు నల్లగా అయింది. బాత్రూం నేల గుర్తొచ్చి ఒళ్లంతా చెమట పట్టింది. అక్క నా చంకల కింద చేతులు వేసి లేపి స్టూలు మీద కూర్చోబెట్టింది. నన్ను లేపింది ఇనుము ఎత్తే ఆ చేతులేనని సిగ్గుతో పాటు తెలుస్తూనే ఉంది. మాస్టరు మజ్జిగ తెప్పించి ఉప్పు వేసి ఇచ్చాడు. ఒక్కపొద్దు అని గొణిగాను.

"మీ దేవుడి సంగతి నాకు తెల్దమ్మా. మజ్జిగ తాగు ముందు" అన్నాడు. తాగాను. కాస్త తేరుకున్నాక తొమ్మిది కిలోల సంగతి ఆయనకూ చెప్పాను, ఆ పరిస్థితిలో కూడా.

ఆయన మెచ్చుకోలేదు. "తొమ్మిదిలో కొవ్వెంత, కండెంత? కాటా అది చెప్పదు గదా. తిండి కోసేసి, కష్టం చెయ్యకుంటే ఒళ్లు కండని కూడా తినేస్తాది. ఈడ ఉన్నోళ్లంతా అన్నం తినేవాళ్లే. కొంజం తగ్గించి, పప్పో గుడ్డో సెనగలో పక్కన పెట్టుకుంటారు. నువ్వు ఈరోజు ఏదీ ముట్టుకోవద్దు. ముందు డాక్టరు దగ్గర బీపీ, రక్తం చూపించుకో. అప్పురం రా" అన్నాడు.

గర్భసంచి మాట అడిగేశాను. ఆయన అక్కవైపు చెయ్యి చూపించాడు. "నేను చేరేముందే లేడీ డాక్టర్ని అడిగినా. నీకేం తొందర లేదు, మెల్లగా పెంచుకో, ఊపిరి బిగపట్టొద్దు అన్నాది" అంది అక్క. మొదటి నెలంతా ఆమె ఎత్తింది ఉత్త కర్రేనట, ముప్పై కిలోలకు చేరడానికి ఎనిమిది నెలలు పట్టిందట. తర్వాత నా కళ్లముందే నేలమీది కడ్డీని, నడుము వంకర పోకుండా, కాళ్ల బలంతో అయిదుసార్లు లేపి దించింది. మగవాడిలా ఏమీ లేదు. మా అక్కలాగే ఉంది, కాకపోతే నిటారుగా ఉంది. బరువు తగ్గింది రెండు కిలోలేనట. అయినా పాత జాకెట్టు వదులైందని, కుట్టు వేయమని నాకే ఇచ్చింది.

మధ్యాహ్నం అక్క పప్పన్నం, సెనగల సుండలు, అంటే మన గుగ్గిళ్లు, పెరుగు వడ్డించింది. విస్తరి ముందు కూర్చుని ఏడుపొచ్చింది. అప్పుడు చెప్పాను, బాత్రూం సంగతి మొత్తం.

"పావుగంట తడి నేల మీద ఉండి ఎవుర్నీ పిలవలేదా నువ్వు?" అక్క గొంతు లేచింది. "తల గోడకి తగిలింటే?"

"తినమంటారని పిలవలేదక్కా."

అక్క విస్తరి నా దగ్గరికి జరిపింది. "తిను" అంది. మొక్కు అన్నాను. "ఎందుకు మొక్కినావు? సాములోరు అడిగినాడా నీ కండ? నీ పంతానికి ఆయన్ని అడ్డం పెట్టుకున్నావు. అది తప్పు. తప్పు చెప్పుకుని మొక్కు మార్చుకో. ఒక్కపొద్దు బదులు రోజూ గుంజీళ్లు తీస్తానని చెప్పు, తప్పుకీ అదే, కాళ్లకీ అదే" అంది. నాకు ఆ మాటతో గుండెల మీద నుంచి ఏదో దిగింది. కడుపునిండా తిన్నాను. ఆరు నెలల తర్వాత పప్పన్నం ఎంత బాగుందో రాయడం నా వల్ల కాదు.

మూడింటికి దేవుడి పటం ముందు అక్క వెనక స్టూలు వేసింది. మాస్టరు చెప్పి పంపించిన పద్ధతే, ఇనుము వద్దన్నా ఇది మాత్రం తిన్నాక ఇంట్లో చేయొచ్చన్నాడు. చెవులు పట్టుకుని స్టూలు మీదికి కూర్చోవడం, చేతులు ఆనించకుండా లేవడం. అయిదు తీశాను. ఐదోదానికి తొడలు వణికాయి గానీ లేచాను. కాళ్లకు బలం వచ్చేకొద్దీ పొట్టి పీట వేసుకోమన్నాడు.

నాలుగున్నర రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని మా ఆయనకు ఫోను చేశాను. ఇంటికెళ్లి చెబుదామనుకుంటే మళ్లీ ధైర్యం చాలదని తెలుసు. "ఏమండీ, ఆమధ్య నేను బాత్రూంలో..." అని మొదలుపెట్టాను.

"తెలుసు" అన్నాడు. "బకెట్టు పడిన చప్పుడు విన్నా. తలుపు బయటే నిలబడి ఉన్నా. పిలిస్తే కోప్పడతావని పిలవలేదు. నువ్వు లేచిన చప్పుడు వినిపించాక వెళ్లి పేపరు పట్టుకున్నా."

 తలుపుకు అటు ఆయన, ఇటు నేను, ఇద్దరం పావుగంట భయపడ్డాం. దేవుణ్ణి అడ్డం పెట్టి ఆయన నోరు నొక్కింది నేనే.

ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాం. రక్తం తక్కువగా ఉందన్నారు, మందులిచ్చారు. కాటా ముల్లు కొంచెం పైకి జరిగింది. దాన్ని చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది, అబద్ధం చెప్పను. వీధిలో మెచ్చుకునేవాళ్లూ తగ్గారు. భయం పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు స్నానానికి వెళ్లేటప్పుడు గడియ వేసుకోవడం లేదు, బయట మా ఆయన పేపరు చదువుతూ ఉంటాడు.

మీలో ఎవరైనా ఇలాంటి వ్యాయామశాలకు వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. ఒంటరిగా వెళ్లకండి, ఇంట్లో మనిషిని తోడు తీసుకెళ్లండి. "రోజూ ఏం తింటావమ్మా?" అని మాస్టరు అడిగినప్పుడు మనం చెప్పే అబద్ధాన్ని అక్కడే పట్టుకోవడానికి ఒకరుండాలి.