పాటకొక గంటెడు బొగ్గులు

బొగ్గుల మీద మాంసం ఆరు గంటలు మగ్గుతుందని, అంతసేపూ మంట కనిపించనే కూడదని నా క్లాస్‌మేట్ రూతు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మా ఇంట్లో కుక్కర్ నాలుగు కూతలు కూస్తే మటన్ అయిపోతుంది. "మా పెద్దమ్మ ఆదివారం చర్చిలో కోతపండగకు వండుతాంది, పోయి సూడు" అంది రూతు. అందుకే ఆదోనిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న నేను, సంచిలో నోట్‌బుక్ పెట్టుకుని ఒక్కదాన్నే బయలుదేరాను.

ఉదయం ఐదున్నరకు ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. గంటలో దిగి, షేర్ ఆటోకు ఇరవై రూపాయలిచ్చి ఐదు కిలోమీటర్ల దూరంలోని పల్లెకు వెళ్ళాను. చర్చి దగ్గర ఆపమంటే, ప్రార్థనకా, విందుకా అని డ్రైవర్ నవ్వాడు. బొగ్గులు చూడటానికి అన్నాను.

రూతు పెద్దమ్మ శాంతమ్మ వారమంతా పత్తిచేలలో కూలికి పోతుంది. బెంగళూరుకు వలసపోయిన ఏళ్ళలో ఒక హోటల్లో గిన్నెలు కడుగుతూ ఈ వంట చూసి నేర్చుకుందట. ఊళ్ళో విందులకు ఎప్పుడూ మగ వంటవాళ్ళనే పిలుస్తారు. ఆమెకు ఇదే మొదటి అవకాశం. కుదిరితే వచ్చే నెల చర్చి సంఘపెద్ద ఇంటి పెళ్ళివంట కూడా ఆమెదే. చెడితే మళ్ళీ కూలి పనే. ఈ సంగతి ఆమె బొగ్గులు పేరుస్తూ చాలా మామూలుగా చెప్పింది.

చర్చి వెనక మోకాటి లోతు గుంత. దాని మీద ఇనుప జాలీ, జాలీ మీద మసాలా పట్టించిన మేక తొడలు, జబ్బలు, వాటిపైన రేకు. సర్కారు తుమ్మ బొగ్గుల్ని పక్కన వేరే కుప్పగా రాజేసి, అవి తెల్లబడ్డాకే గుంతలో వేస్తుంది. అదీ అంచుల్లోనే. కొవ్వు కారి బొగ్గు మీద పడితే మంట లేస్తుంది కాబట్టి మాంసం కింద నడిమి భాగం ఖాళీగా వదిలేస్తుంది. ఆ తర్వాత ఆమె చేసిన పనికి నేను అదిరిపోయాను. కణకణలాడే నిప్పు మీద బూడిద చల్లేసింది. ఆర్పేస్తున్నారేమిటని అడిగాను.

"ఆర్పలేదు బిడ్డా, దుప్పటి కప్పినా" అంది.

పుస్తకాల్లో మాత్రమే చదివిన 'నివురు' అనే మాటను అప్పుడే మొదటిసారి కళ్ళతో చూశాను. పైన చెయ్యి పెడితే వేడి అలాగే తగిలింది.

పదింటికి ఆరాధన మొదలైంది. లోపలికి వెళ్తూ శాంతమ్మ నిప్పును నాకు అప్పగించింది. ఆమెకు గడియారం అక్కర్లేదు. మైకులో పాట అయిపోయినప్పుడల్లా పక్క కుప్పలోంచి పెద్ద గంటెతో ఒక గంటెడు బొగ్గులు అంచుకు వేయాలి, అంతే. పాటకూ పాటకూ నడుమ ప్రార్థనలు, సాక్ష్యాలు ఉంటాయి కాబట్టి ఆ చర్చిలో అరగంటకు ఒక పాట రావడమే ఎక్కువట. నేను శ్రద్ధగా రాసుకున్నాను. కానీ ఆ రోజు పట్నం నుంచి ఒక యువజన బృందం కీబోర్డుతో వచ్చింది. వాళ్ళు ఊపిరి తీసుకోకుండా ఒకదాని వెంట ఒకటి పాడేశారు. నేను ప్రతి పాటకూ ఒక గంటెడు వేశాను, నోట్‌బుక్‌లో గీత గీసి మరీ. ఏడో గీత గీస్తుండగా బొగ్గులు నడిమికి జారాయి. రేకు సందులోంచి నా ఎత్తు మంట లేచింది.

కొవ్వు మాడిన వాసన లోపలికి పోయినట్టుంది, శాంతమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. నేను నీళ్ళ బకెట్ ఎత్తితే చెయ్యి పట్టుకుని ఆపింది. నీళ్ళు పోస్తే బూడిద లేచి మాంసానికి అంటుకుంటుందట. తడి గోనెసంచులు సందుల్లో కుక్కింది. గాలి అందక మంట పడిపోయాక పారతో బొగ్గులు బయటికి లాగింది. రేకు తీస్తే రెండు తొడలు ఒకవైపు నల్లగా మాడి ఉన్నాయి. మిగతావి పైన బిగుసుకుపోయాయి, లోపల ఇంకా ఉడకలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఎన్ని గంటెలు వేశావని అడిగింది. ఏడు అన్నాను.

"నేను సెప్పినట్లే సేసినావు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మాడిన చోట కోసి పారేసి, మిగతాది మళ్ళీ జాలీ మీద పేర్చింది. ఈసారి బొగ్గులు తక్కువ, బూడిద మందం. పన్నెండున్నరకు ఆరాధన ముగియగానే నేరుగా సంఘపెద్ద దగ్గరికి నడిచింది. తప్పు నాదని చెప్పాలని నేనూ వెంట వెళ్ళాను. ఆమె నాకు సందు ఇవ్వలేదు.

"నిప్పు నేను సూసుకోలేదప్పా. రెండున్నర దాకా కూడు పెట్టలేను."

ఆయన అందరికీ వినబడేట్టు, "అందుకే మగోళ్ళను పిలుద్దామంటిమి" అన్నాడు.

"మగోళ్ళయితే మాడింది పులుసులో కలిపి ఒంటిగంటకే పెడ్తుండ్రి" అంది శాంతమ్మ.

వెనకెక్కడో ఒక ముసలామె పకపకా నవ్వింది.

రెండున్నరకు వడ్డించారు. సంఘపెద్ద ముక్క పట్టుకోగానే ఎముక దానంతటదే ఊడి ఆకులో పడింది. ఆయన దాన్ని కాసేపు చూసి, తినడం మొదలుపెట్టాడు. చెయ్యి కడుక్కుని శాంతమ్మ దగ్గరికి వచ్చాడు. మెచ్చుకోలేదు.

"పెండ్లికి ఎన్ని బస్తాల బొగ్గు దింపమంటావమ్మా?" అని అడిగాడు.

"మూడప్పా" అంది. ఆయన అటు వెళ్ళగానే గుంతలో మిగిలిన నిప్పు మీద బూడిద కప్పింది.

చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళే మంచి విద్యార్థులని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిప్పు ముందు కూర్చుని కూడా నేను నిప్పును చూడలేదు. నా పొరపాటును ఆమె అందరి ముందూ తన మీద వేసుకున్నప్పుడు నాకు కలిగినదానికి సిగ్గు అనే మాట చాలదు, సరైన మాట ఇంకా దొరకలేదు. మీరు ఇలాంటి వంట చూడటానికి వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. నూలు బట్టలే వేసుకోండి. నా నైలాన్ చున్నీని నిప్పురవ్వలు జల్లెడ చేసేశాయి.