ఇటుకపొడితో తోమిన కారు లైటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆయుధపూజ వచ్చిందంటే తోమడమే తోమడం. మా అమ్మ చింతపండు, ఇటుకపొడి ముందేసుకుని కూర్చుంటే ఇత్తడి కుందులు, రాగి చెంబులు, చివరికి తలుపు గొళ్ళేలు కూడా మెరవాల్సిందే. ఆ ఏడు మాత్రం పూజలో పెద్దపీట మా నాన్న కారుది. కేజీఎఫ్‌లో గనులు మూసేశాక, గని ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్న పాత కారొకటి కొని బాడుగకు తిప్పేవారు. మా ఇల్లు గడిచేది దాని మీదే. పండగలు దాటిన మర్నాడు దానికి ఎఫ్‌సీ. ఆఫీసరు బ్రేకులు, లైట్లు అన్నీ చూసి సరేనంటేనే బండి రోడ్డెక్కాలి, లేదంటే ఇంటి ముందర పడుండాలి.

పండగ ముందు రోజు మధ్యాహ్నం నాన్న నిద్రపోతున్నారు. నాకు తొమ్మిదేళ్ళు, బుద్ధి మాత్రం తొంభై ఏళ్ళదని నా నమ్మకం. కారు ముందు లైట్లు పచ్చబడి, మాసిపోయి కనిపించాయి. కుందులు తోమితే మెరుస్తున్నాయి కదా, ఇవీ అంతేలే అనుకుని, మిగిలిన ఇటుకపొడి, కొబ్బరి పీచు తెచ్చి కుడివైపు లైటును పావుగంట పళ్ళు బిగించి తోమాను. నీళ్ళు పోసి చూద్దును కదా, పైప్రాణాలు పైనే పోయాయి! అది గాజు కాదు, ప్లాస్టిక్కు. పిల్లి రక్కినట్టు గీతలే గీతలు. వెనక బల్బు ఉందో లేదో కూడా తెలియడం లేదు.

గట్టిగా ఏడిస్తే నాన్న లేస్తారని, నోట్లో పరికిణీ కుక్కుకుని ఏడుస్తున్నాను. మా తాతయ్య చూశారు. ఆయన మా అమ్మ తండ్రి, బూదికోట నుంచి పండగకని వచ్చారు. గనిలో ల్యాంప్ రూంలో పనిచేసిన మనిషి. గనిలోకి దిగేవాళ్ళు టోపీకి పెట్టుకునే లైట్లను ఒక్కొక్కటీ తుడిచి, వెలిగించి చూసి చేతికివ్వడమే ఆయన పని. లైటంటే ఆయనకు దేవుడితో సమానం. ఈరోజు నాకు మూడిందనే అనుకున్నాను. ఆయన ఆ గీతలను వేలితో నిమిరి, "ఏమమ్మా, దీంతో కుస్తీ పట్టినావా?" అన్నారు.

పక్క వీధి టింకరింగ్ షెడ్డుకు పోయి వాటర్ పేపర్ తెచ్చారు. కార్లకు రంగు వేసే ముందు తడిపి రుద్దే గరుకు కాగితం అది. దాంతో గీతల మీద మళ్ళీ రుద్దడం మొదలుపెట్టారు. లైటు మజ్జిగ పూసినట్టు ఇంకా తెల్లబడింది. నేను ఆయన చేయి పట్టుకుని ఆపబోతే, "ఉండమ్మా! గీత పోవాలంటే దాని చుట్టూరా అంతా అరగాల" అన్నారు. అంతటితో ఊరుకోకుండా, నేను ముట్టుకోని ఎడమ లైటును కూడా రుద్దేశారు. ఒక కన్ను కొత్తది, ఒక కన్ను పాతది అయితే చూసేవాళ్ళు నవ్వుతారట.

సరిగ్గా అప్పుడే నాన్న లేచి బయటికి వచ్చారు. రెండు లైట్లూ పువ్వు కమ్మిన కళ్ళలా ఉన్నాయి. నేను తలుపు చాటుకు దూరాను, నాకు చచ్చినంత పని అయింది. తాతయ్య తల కూడా ఎత్తకుండా, "నేనే అల్లుడా. ఇటుకపొడితో తోమినాను, గీతలు పడినాయి" అన్నారు.

మా ఇళ్ళల్లో అల్లుడు మామను పల్లెత్తు మాట అనడు. కోపమొస్తే భార్య ద్వారా పంపించాల్సిందే. నాన్న ముఖం కందిపోయింది. వంటింటి వైపు తిరిగి, "ఏమే, పండగ దాటితే ఎఫ్‌సీ ఉండాదని మీ నాయనకు చెప్పు!" అని అరిచారు.

"ఆయన మీ ముందరే ఉండాడు గదా, మీరే చెప్పండి" అంది అమ్మ లోపలి నుంచి.

నాన్న మామగారి వైపు చూశారు. "కాఫీ తాగినారా మామా?" అన్నారు.

"ఇంగా లేదప్పా" అన్నారు తాతయ్య తాపీగా.

సాయంత్రం దాకా రుద్దాం. అంతకంటే నున్నటి కాగితాలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా; చివరికి గుడ్డ మీద పళ్ళపేస్టు. నా రెక్కలు పడిపోయాయి. కడిగి చూస్తే లోపల బల్బు తీగతో సహా కనిపించింది. అయినా నాన్న కోపం తగ్గినట్టు లేదు. పండగ రోజులన్నీ తాతయ్యతో కాఫీ గురించి, అన్నం గురించి తప్ప మాట్లాడలేదు. తాతయ్య వాకిట్లో ఒక్కరే కూర్చుని ఉంటే చూసి నాకు మేం ఓళిగ అనే బొబ్బట్టు కూడా తినబుద్ధి కాలేదు.

ఎఫ్‌సీ అయింది. నాన్న నవ్వుతూ ఇల్లు చేరేసరికి తాతయ్య ఊరికి సంచి సర్దుకుంటున్నారు. ఇంక ఆగలేక నాన్న దగ్గరికి పోయి, తోమింది నేనేనని చెప్పేశాను.

"నాకు తెలీదా?" అన్నారు నాన్న. "లైట్లు తుడిచి తుడిచి తల నెరిసిన మనిషి ఇటుకపొడితో తోముతాడా?"

"మరి నన్ను తిట్టలేదేం నాయనా?"

"పెద్దాయన మీదేసుకున్నాడు. ఆ మాట కాదని నేనెట్ల నిన్ను తిట్టేది? నువ్వే వస్తావని కాచుకున్నాను." అని నా నెత్తిన ఠంగున ఒక మొట్టికాయ వేసి, తాతయ్య చేతిలో సంచి లాక్కుని కారులో పెట్టారు. బస్సు వద్దంటే వద్దని, బూదికోట దాకా తానే దింపి వచ్చారు.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. తమ్ముడి పిల్లలు ఏది పగలగొట్టినా నేనే పడేశానని చెబుతాను. మా మరదలు పాపం, పళ్ళు కొరుక్కుని, "కాఫీ తాగుతావా వదినా?" అంటుంది. పిల్లలు ఒకటి రెండు రోజులు ముఖం చెల్లక నా చుట్టూ తిరిగి, ఆపైన వాళ్ళే వెళ్ళి అమ్మతో నిజం చెప్పేస్తారు. మధ్యవాడొకడు మాత్రం మొండిఘటం. టీవీ మీదికి బంతి విసిరింది తానేనని ఇంతవరకూ నోరు విప్పలేదు. వాడు చెప్పేదాకా ఆ టీవీ పగలగొట్టిన మేనత్తను నేనే.