నారుకి నీళ్ళు ఆపే రోజులు

టమాటా నారుని నీడలో పెంచి, నీళ్ళతో ముద్దుచేసి, తీరా నాటే ముందు దాన్ని ఏడిపించాలి. మడి మీద కప్పిన కొబ్బరాకులు రోజుకి కొన్ని చొప్పున తీసేయాలి. నీళ్ళు తగ్గించి తగ్గించి చివరికి ఆపేయాలి. మిట్టమధ్యాహ్నానికి మొక్కలన్నీ వాడి తలలు వేలాడేస్తాయి. చూసి జాలిపడ్డవాడు చెడ్డాడే. గుండె రాయి చేసుకుని ఊరుకుంటే, సాయంత్రం సముద్రపు గాలి తగలగానే వాటంతటవే లేచి నిలబడతాయి. నాలుగు రోజులు అలా లేచిన మొక్క కాడ ఊదారంగుకి తిరిగి గట్టిపడుతుంది. దీన్ని రాటుదేల్చడం అనేవాడు మా నాన్న. పిల్లల పెంపకం గురించి కూడా ఆయనది అదే అభిప్రాయం గానీ, మా దగ్గర దాన్ని అమలుచేసే ధైర్యం ఆయనకి లేకపోయింది.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. కొబ్బరి, జీడి తప్ప ఇంకో పంట ఊసెత్తితే నవ్వే రోజుల్లో నాన్న కాశీబుగ్గ నుంచి ప్లాస్టిక్ షీటు తెచ్చి, వెదురు బద్దలు వంచి, పెరట్లో గూడులాంటి పందిరి వేశాడు. వానలకి బయట టమాటా కుళ్ళిపోతున్నప్పుడు తను ఆ పందిరి కింద కాయించాలని ఆయన పంతం. "టమాటాలకి పెళ్ళిపందిరేసేడు" అని ఊరంతా వేళాకోళం చేసింది. పగలు ఆ ప్లాస్టిక్ కింద పొయ్యి పక్కన కూర్చున్నట్టే ఉండేది. నీడలో పెరిగిన మొక్కని తిన్నగా తెచ్చి అక్కడ నాటితే బతకదు. అందుకే రాటుదేల్చే రోజుల్లో ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. పంట నిలిచింది. నవ్వినవాళ్ళే బుట్టలు పట్టుకుని వచ్చారు.

తరవాత మా ఊళ్ళో చాలామందికి వచ్చినట్టే ఆయనకీ కిడ్నీ జబ్బు వచ్చింది. టెక్కలిలో రక్తం పరీక్ష చేసి విశాఖపట్నం పంపారు. అక్కడి డాక్టరు రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్ళే ఇవ్వమన్నాడు, మించితే ఒంట్లో చేరి ఊపిరాడదన్నాడు. ఆ రోజు నుంచి నీళ్ళకి అమ్మ కాపలా. నాన్న అడిగేవాడు, "గుక్కెడియ్యే." అమ్మ తడిగుడ్డ తెచ్చి ఆయన పెదాలకి అద్దేది.

నారుమడి కనబడేలా మంచం పెరటి వసారాలో వేయించుకున్నాడు. ఆజ్ఞలన్నీ అక్కడి నుంచే. "ఆకు తీసెయ్యండి. నీళ్ళు పొయ్యకండి." ఒకసారి అమ్మ ఉండబట్టలేక అంది. "నారుకి ఇయ్యొద్దంతావు. నీకు మాత్రం ఇమ్మంతావు. దానికో నాయం, నీకో నాయమా మావా?" నాన్న నవ్వాడు. ఎండిన పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

ఆ నారు వాడిన మధ్యాహ్నాల్లోనే ఒకనాడు ఆయన నీళ్ళడిగాడు. అమ్మ ఇవ్వనంది. గుడ్డ తడిపి తెద్దామని లోపలికి వెళ్ళింది. వచ్చేసరికి ఆయన లేడు.

మేము బాప్టిస్టు చర్చికి వెళ్ళేవాళ్ళం. పాట పాడి, ప్రార్థన చేసి, జీడితోట పక్కన సమాధిచేసి వచ్చాం. పలకరించడానికి వచ్చిన ఎదురింటావిడ అమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది. "మా ఇళ్ళల్లో అయితే ఆకర్న నోట్లో తులసినీళ్ళు పోత్తాం వదినా. పోయినాక కూడా ఏటేటా నీళ్ళొదుల్తాం. మీకలాటిదేటీ నేదా?" మాకు లేదని అమ్మ చెప్పింది. ఆవిడ దెప్పడానికి అనలేదు, మంచి మనిషి. కానీ ఆ మాట అమ్మలో ముల్లులా విరిగి ఉండిపోయింది.

మరుసటి ఏడు అమ్మే నారు పోసింది. కొబ్బరాకులు తీసింది, నీళ్ళు ఆపింది. మొదటి మధ్యాహ్నమే బిందె చంకనెత్తుకుని మడి దగ్గర కనబడింది.

"ఏటి సేత్తన్నావమ్మా?" అన్నాను.

"అడుగుతన్నాడే. గుక్కెడియ్యే అంతన్నాడు. నీకు యినబడట్లేదా?"

నేను కసురుకున్నాను. భయమేసి కసురుకున్నాను. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. అమ్మ బుద్ధిగా ఆమెన్ అని, మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ బిందె ఎత్తింది. నారు పాలిపోయి, తీగలా సాగింది. పందిట్లో నాటితే ఒక్కొక్కటీ నేలకి ఒరిగిపోయింది. ఆ పై ఏడూ అంతే. పంట పోతే పోయింది. అమ్మ తను తాగే చెంబుడు నీళ్ళు కూడా ఆ మడిలోనే పోయడం మొదలుపెట్టింది. నోరు పిడచకట్టుకుపోయినా తాగేది కాదు. ఆ ఎండల్లో, మా ఊళ్ళో, నీళ్ళు తాగని మనిషి ఏమవుతుందో నాకు తెలుసు. నాన్న అమ్మని కూడా పిలుచుకుపోతాడని నాకు గట్టిగా అనిపించింది.

మూడో ఏడు నారు ముదిరే వేళకి అమ్మని బారువలో ఉన్న పిన్ని ఇంటికి పంపేశాను. పిన్నికి ఒంట్లో బాగాలేదని చెప్పి పంపాను. నీళ్ళాపి, రోజూ మధ్యాహ్నం నాన్న మంచం ఉండే చోట కూర్చున్నాను. మొక్కలు వాలిపోతుంటే చెవులు రిక్కించి విన్నాను. కొబ్బరిమట్టల గలగల తప్ప ఏమీ లేదు. నిజం చెప్పొద్దూ, ఆయన మీద కోపమొచ్చింది. బతికుండగా నన్ను ఒక్కసారీ అడగలేదు. పోయాక కూడా అమ్మనే పట్టుకుని వేధించాలా?

అమ్మ తిరిగొచ్చి, చేతిసంచి దించకుండానే మడి దగ్గరికి వెళ్ళింది. కాడల్ని వేలితో తడిమి చూసింది. నా వైపు తిరగలేదు.

"అడిగేడా?"



"అడిగేడు" అన్నాను.

"ఇచ్చేవా?"

"ఇవ్వనేదు."

"కోపం సేసేడా?"

"నేదమ్మా. ఏటీ అననేదు."

అమ్మ సంచి అక్కడే దించింది. ఇంట్లోకి వెళ్ళి, కుండలోంచి చెంబుడు ముంచుకుని, నిలబడే తాగింది. మళ్ళీ ముంచుకుంది. ఆ వారం ఇద్దరం కలిసి పందిట్లో నాట్లు వేశాం. ఒక్క మొక్కా ఒరగలేదు. అమ్మకి ఆ పిలుపు మళ్ళీ వినబడలేదు.

పై ఏడు ఒక మధ్యాహ్నం అమ్మ లోపల నిద్రపోతోంది. నేను వసారాలో కూర్చుని వాడుతున్న నారుని చూస్తున్నాను. నా వెనకే, చాలా దగ్గరగా, నాన్న నా పేరు పెట్టి పిలిచి గుక్కెడు నీళ్ళడిగాడు. నేను లేవలేదు. ఆ సంగతి అమ్మకి ఈ రోజుకీ చెప్పలేదు.