గంట కొట్టినందుకు గంప మోశాను

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మా బావ సుబ్బరాయుడు బస్సు కొన్నాడు. పులివెందుల నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరుకు. దాన్ని అక్కడి మా గుడ్డల బజారు నడిమధ్య దాకా తేవాలని ఆయన పట్టు. అలా తేవాలంటే అంగళ్ల ముందరి పందిళ్లన్నీ పీకెయ్యాలి. బజారు పెద్దల్లో ఇద్దరు సరేనన్నారు, ఇద్దరు కూడదన్నారు. ఐదోవాణ్ణి నేను. కాదంటే అక్కతో రాకపోకలు తెగిపోతాయేమోనని భయం. ఔనంటే ఆ నీడలో కూర్చుని అమ్ముకునేవాళ్ల ఉసురు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాట చెప్పేముందు ఆ దారంతా చూసి, బావతో మాట్లాడి వద్దామని బయలుదేరాను.

బాడుగ సైకిలు రోజుకు ముప్పావలా. అంగడి ఖాదరు గాలి కొడుతూ అడిగాడు. "యాడికి మామా?"

"పులివెందలకు."

"ఇంత దూరం తొక్కుకుంటా పోతావా? మీ బావకు బస్సుంది గదా!"

"ఆ బస్సు సంగతి తేల్చేదానికే పోతాండా."

చీకటితో బయలుదేరితే ఎండ ముదరకముందే జమ్మలమడుగు చేరవచ్చు. అక్కడ రెండణాలకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ కడుపునిండా పెట్టారు. ఆ హుషారులో సైకిలెక్కి సంతవీధిలో దూరాను. ముందు ఒక పెద్దామె ఎర్రగడ్డల గంప నెత్తిన పెట్టుకుని నింపాదిగా నడుస్తోంది. ట్రింగుమని గంట కొట్టాను. అంతే! వీధి వీధంతా నా మీద పడింది.

"ఏందప్పా, గంప మోసే మనిషికి గంట కొడతాండావు? దిగు, దిగు!" అన్నాడు బొరుగుల అంగడాయన. "ఈడ కట్టుబాటు ఒకటుంది. గంట కొట్టినోడే ఆ గంపను వీధి చివర దాకా మొయ్యాల."

"నాకు తెలీదప్పా, నాది ప్రొద్దుటూరు."

"అయితే బాగా తిన్న ఒళ్లే. ఎత్తుకో!"

తప్పలేదు. తువ్వాలు చుట్టకుదురు చేసి గంప నెత్తికెత్తారు. గంప గల హుసేన్‌బీ నా సైకిలు నడిపించుకుంటూ వెనకాలే వచ్చింది. పది అడుగులు వేశానో లేదో, ఆమె ట్రింగ్ ట్రింగ్ మని గంట మొదలుపెట్టింది! మెడ తిప్పితే గంప పడుతుంది. ఏ పక్కకు తొలగాలో తెలియదు. వీధంతా ఒకటే నవ్వు.

"ఎట్లుండాది నాయనా?" అంది హుసేన్‌బీ.

"శానా బాగుంది, ఇంక సాలు పెద్దమ్మా!" అని నేనూ నవ్వేశాను. సైకిలు గంటకే ఇలా ఉంటే, వెనక బస్సు హారను మోగితే గంపా నేనూ కలిసి మురుక్కాలువలో ఉండేవాళ్లం. నా మాట అక్కడే తేలిపోయింది.

ఊరు దాటగానే పెన్న. ఎండాకాలం కాబట్టి నీళ్లు లేవు. ఇసుకలో సైకిలు భుజానికెత్తుకోవాలి. ముద్దనూరు స్టేషను దగ్గర మజ్జిగ తాగి, వెచ్చగాలి తగ్గాక మళ్లీ తొక్కాను. బావకు చెప్పాల్సిన మాటను దారిలో తుమ్మచెట్లకు చెప్పి చూసుకున్నాను. చెట్లు వెంటనే ఒప్పుకున్నాయి.

పొద్దు గూకే వేళకు పులివెందుల చేరాను. అక్క వేడివేడి సంగటి, కోడికూర పెట్టింది. మొదటి ముద్ద మింగి, ధైర్యం కూడగట్టుకున్నాను.

"బావా, బస్సు ఊరి మొదట్లోనే నిలబెట్టు. బజారులోకి వద్దు. నేను కూడదనే చెప్తా."

బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "సొంత బామ్మర్ది! నువ్వే అడ్డం పడతావా? ఇంగ మీ ఇంటి గడప తొక్కితే ఒట్టు!"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క గరిటె పక్కన పెట్టింది.

"వాడు మీ మొగం సూసి మాట మార్సలేదు గదా! రేపు నాకు కష్టమొచ్చినా ఎవురి మొగమూ సూసి మార్సడు. అట్లాంటి తమ్ముడే నాకు కావాల. గడప తొక్కకుంటే మీరే తొక్కాకండి, నేను పోతా."

బావ అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మరి ఊరి మొదుట్నుంచి మూటలెవురు మోస్తారురా?" అన్నాడు.

"మొదటిరోజు నేనే మోస్తా బావా."

"మాట తప్పాకు మల్ల," అని గట్టిగా నవ్వాడు.

బస్సు ఊరి మొదట్లోనే ఆగింది. నేను మూటలూ మోశాను, నడుమూ పట్టింది. కానీ పందిళ్లు నిలిచాయి, నా బేరమూ పెరిగింది. బస్సులో కూర్చున్నవాడు కిటికీలోంచి గుడ్డ బేరమాడడు. నడిచేవాడే ఆగుతాడు, పలకరిస్తాడు, కొంటాడు. కాగితం మీద వీధులు గీసే పెద్దలు ఒక్కసారి నెత్తిన బరువుతో ఆ వీధిలో నడిచి గీస్తే ఎంత బాగుంటుంది!

ఈ దారిన పోవాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. బావలకు చెప్పాల్సిన మాట ఉంటే అన్నానికి కూర్చోకముందే చెప్పండి. చల్లారిన సంగటి గొంతు దిగదు.