గడప దాటిన వడ్లగింజ

ఆ రోజుల్లో నాకు తెలియని పని లోకంలో లేదని నా గట్టి నమ్మకం. డిప్లొమా పూర్తిచేసి వైరాలో మా మేనమామ లేత్ షాపులో కొత్తగా చేరాను. బోరు పైపులకు మరలు పెట్టడం, ట్రాక్టర్ ఇరుసులు సరిచేయడం తప్ప ఎరగని ఆ షాపు ముందు ఒకనాడు లారీలోంచి గాజు గది ఒకటి దిగింది. పాత బాంబర్ విమానం తోకలో తుపాకీవాడు కూర్చుని గిరగిరా తిరిగే గది అట. దాన్ని మళ్లీ తిప్పడమే జీవితాశయంగా పెట్టుకున్న హైదరాబాదు పెద్దమనిషిని మేం విమానం సార్ అనేవాళ్లం. గది కింద ఉండాల్సిన పళ్ల చక్రం ఆయనకు ఎక్కడా దొరకలేదు. యుద్ధకాలంలో అలాంటి విమానమే చర్ల అవతలి అడవిలో కూలిందని, ఇనుమంతా ఊళ్లవాళ్లు మోసుకుపోయారని ఎవరో చెప్పారట. "పోయి చూసి రా అల్లుడూ. ఈ పని అయితే షాపు నీకే అప్పజెప్త" అన్నాడు మామ.

ఊరూరా అడుగుతూ పోతే చివరికి ఒక అవ్వ ఇంట్లో కనిపించింది. ఇంటి నడుమ పేడతో అలికిన వెదురు గాదె, నిండా వడ్లు, దాని కింద కుదురులాగా మా చక్రం! ఎలుకలు ఎక్కకుండా అత్తగారి కాలం నుంచీ అక్కడే ఉందట. గాదె కాస్త దించుదామన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "కొత్తల పండుగ గాకముందు ఒక్క గింజ గూడ గడప దాటొద్దు బిడ్డా. దాటితే ఊరికి మంచిది గాదు" అంది. కొత్త పంటను ముందు దేవుళ్లకు పెట్టే ఆ పండుగ దాకా ఆగితే, విమానం సార్ ఈ గదిని జనానికి తిప్పి చూపిస్తానన్న ప్రదర్శన తేదీ దాటిపోతుంది. అందుకని బంకమట్టి పిసికి, చక్రం చుట్టూ ముక్కలు ముక్కలుగా అద్ది, పళ్ల అచ్చు తీసుకున్నాను. వచ్చేటప్పుడు అవ్వ నా సంచీ, జేబులు, ఆఖరికి ప్యాంటు మడతలు కూడా దులిపించింది. ఒక్క గింజ పోయినా నాదే పూచీ అని చేతిలో చెయ్యేసి చెప్పి వచ్చాను.

ఆ అచ్చును బట్టి చక్రం పోత పోయించాం. ఒక పన్ను మీద చిన్న బొడిపె లేచింది. ఆకురాయితో రుద్దేస్తానన్నాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "తెల్లోడు ఊకెనే పెట్టిండా? మనకు అర్థం గాకపోతే ముట్టుకోవద్దు." (తెల్లవాళ్ల ఇనుము మీద మామకున్న భక్తి అత్తయ్య మీద కూడా లేదు.)

బిగించిన రోజు విమానం సార్ టోపీ పెట్టుకుని మరీ గదిలో కూర్చున్నాడు. మేం పిడి తిప్పాం. సగం దాకా దర్జాగా తిరిగి, టక్కున ఆగిపోయింది. ఎంత తిప్పినా ముందుకూ పోదు, వెనక్కీ రాదు. గది నేరుగా ఉంటేనే వెనక తలుపు తెరుచుకుంటుంది. పైన మిట్టమధ్యాహ్నపు ఎండ, చుట్టూ గాజు. సార్ ముందు చెయ్యి ఊపాడు, తరువాత అద్దం బాదాడు, ఆ తరువాత చొక్కా విప్పాడు. మామ సుత్తి ఎత్తాడు. అద్దం పగిలితే అలాంటి గాజు మళ్లీ దొరకదు, పగలకపోతే మనిషి దక్కడు. కింద దూరి చూశాను. అడ్డుపడింది ఆ బొడిపే. దగ్గరగా చూస్తే దాని మీద సన్నటి గీతలు, కొసన ముల్లు. అది వడ్లగింజ! అవ్వ ఇంటి గింజ మట్టిలో అంటుకుని వచ్చి, దారిలో ఎక్కడో రాలిపోయింది. అది వదిలిన గుంటలోకి ఇనుము దిగింది. ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాను. గింజ నా అరచేతిలో పడింది, గది తిరిగింది, తలుపు తెరుచుకుంది. సార్ సగం బిందె నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, ఇంకోసారి తిప్పమన్నాడు.

అవ్వకు ఇచ్చిన మాట మాత్రం నన్ను నిలవనివ్వలేదు. పండుగ ఇంకా రాలేదు. బస్సెక్కి వెళ్లి, ఇనుప గింజను ఆమె చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పి, తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి, మిగిలిన పళ్లతో కొరికి చూసింది.

"మా గింజనే. పట్నం పోయి లావైంది" అని గాదెలో వేసేసింది.

మామ అన్న మాట ప్రకారం షాపు నాకే అప్పజెప్పాడు. ఇప్పుడు లేత్ ముందు వంగబోతే నా పొట్ట అడ్డుపడి సగంలో ఆగిపోతాను. పనివాళ్లు చూడకుండా అటు తిరిగి నవ్వుకుంటాను. నన్ను కూడా ఎవరైనా తీసుకెళ్లి ఆ గాదెలో వేస్తే బాగుండనిపిస్తుంది.