మంకీ క్యాప్‌లో పెరుగన్నం

బాబాయి పోయారని పిన్ని పోయిన వారం దేశానికి ఆ చివరనున్న పిస్కాటవే నుంచి ఫోన్ చేసి చెప్పింది. నేను సన్నీవేల్‌లో ఆఫీసు బయట కారు దిగుతున్నాను, చేతిలో లంచ్ బ్యాగు ఉంది. గుండెపోటు. హాస్పిటల్‌కి చేరేలోపే అంతా అయిపోయిందట. పిన్ని ఇంకో సంగతి కూడా చెప్పింది. దాన్ని చివర్లో రాస్తాను. ఇప్పుడే రాస్తే మిగతాది రాయడం నా వల్ల కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. నేను పిస్కాటవేలో ఉన్న రోజుల్లో ఒకే ఆఫీసు, ఒకే టీమ్, పక్క వీధిలో ఇల్లు. నాకు కారు లేదు కాబట్టి ఆయన కార్లోనే వెళ్ళేదాన్ని. మొదటి రోజు అంకుల్ అని పిలిస్తే, "ఆ పిలుపు మావాడి ఫ్రెండ్స్‌కి వదిలెయ్. నువ్వు శుభ్రంగా బాబాయ్ అను," అన్నారు. అలా ఒక పిన్ని కూడా దొరికింది.

వాళ్ళింట్లో పొద్దుటి వంట ఆయనదే. మా ఆఫీసు క్యాఫెటేరియాలో శాకాహారులకు దొరికేవి సాలడ్, చీజ్ పిజ్జా. బయట మంచు కురుస్తుంటే చల్లటి ఆకులు నమలడం ఒక శిక్ష, దానికి రోజూ డబ్బు పొయ్యడం ఇంకో శిక్ష. నా అవస్థ చూసి, "ఎలాగూ నాకు వండుకుంటాను. ఇంకో గుప్పెడు బియ్యం పడేస్తే నా సొమ్మేం పోయింది?" అని నాకూ బాక్స్ కట్టడం మొదలుపెట్టారు. చలికాలంలో ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు, దొండకాయలు కొండెక్కి కూర్చుంటాయి. ఆయన వాటి వంక చూసేవారు కాదు. "ఈ మూడు నెలలూ క్యాబేజీ దగ్గర మొహమాటపడకూడదు అమ్మాయ్," అని ఒకరోజు పెసరపప్పు వేసి, ఒకరోజు ఆవపెట్టి, ఒకరోజు పచ్చడి చేసి దాన్నే తినిపించేవారు. పోపు పెట్టేముందు ఇంట్లో ఉన్న కోట్లన్నీ బాత్‌రూమ్‌లో పెట్టి తలుపు వేసేవారు. కిటికీలు తెరవలేని చలిలో ఇంగువ వాసన కోటుకి పట్టిందంటే మంచు కరిగేదాకా వదలదు. మీలో అక్కడ కాపురం చేసినవాళ్ళకి ఈ బాధ తెలిసే ఉంటుంది. "ముందు కోటు, తర్వాత పోపు" అనేది ఆయన ఇంటి చట్టం.

అన్నిటికన్నా ఆయనకి పెరుగన్నం మీద పట్టుదల. మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి మూత పెడితే, మధ్యాహ్నానికి కమ్మగా తోడుకోవాలి. మొదటిసారి బాక్సులు డిక్కీలో పెట్టారు. మంచులో ప్రయాణం చేసిన పాలు ఎక్కడ తోడుకుంటాయి? మధ్యాహ్నం మూత తీస్తే పాలన్నం. ఇద్దరం అందులోనే ఆవకాయ నంజుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిన్నాం. మర్నాడు రెండు బాక్సులకీ రెండు మంకీ క్యాపులు తొడిగి తెచ్చారు, ఇండియా నుంచి తెచ్చుకున్నవి. దారంతా నా ఒళ్ళో రెండు తలకాయలు పెట్టుకున్నట్టు కూర్చునేదాన్ని.

అది మార్కెట్ కుప్పకూలిన చలికాలం. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరి బల్ల ఖాళీ అయ్యేది. లంచ్‌కి వెళ్ళి వచ్చేసరికి కొందరి కార్డులకి తలుపు తెరుచుకోలేదని తెలిశాక, ఎవరూ సీటు వదిలి లేవడం లేదు. బాబాయి మాత్రం వేళకి వచ్చి నా బల్ల మీద తట్టేవారు. "లే. తోడుకున్నది మన భయం తీరేదాకా ఆగదు, పులిసిపోతుంది."

మా టీమ్‌లో ఇద్దరిలో ఒకరినే ఉంచుతారని పుకారు వచ్చింది. ఆ ఇద్దరం మేమే. ఉద్యోగం పోతే నా వీసా పోతుంది, సామాను సర్దుకోవడమే. ఆయనకి ఇంటి లోన్, కొడుకు కాలేజీ ఫీజు, పిన్నికి అప్పటికి ఉద్యోగం లేదు. ఒకే కారులో రోజూ వెళ్ళివస్తూ ప్రపంచంలో అన్నీ మాట్లాడుకునేవాళ్ళం, ఈ ఒక్కటి తప్ప. ఆయన ఉండాలని కోరుకుంటే నా గతేమిటి, నేను ఉండాలని కోరుకుంటే ఆయన అన్నం ఎలా తినడం?

ఒక శుక్రవారం బ్రేక్ రూమ్‌లో తింటుంటే మేనేజర్ గుమ్మంలోకి వచ్చాడు. మా ఇద్దరినీ చూశాడు. అతను బాబాయిని పేరు పెట్టి పిలిచాడు. బాబాయి సగం తిన్న బాక్స్‌కి మూత పెట్టి, "నువ్వు తిను. నాకోసం ఆగకు," అని లేచి వెళ్ళారు. తిరిగి రాలేదు.

సాయంత్రం ఇంటికి ఎలా వెళ్ళాలో తెలియక ఆయన బాక్స్ పట్టుకుని బయటికొస్తే, కారు ఎప్పటిచోటే ఉంది. లోపల ఆయన.

"మీరు వెళ్ళలేదా బాబాయ్?"

"వెళ్ళి మళ్ళీ రావడం ఎందుకు, పెట్రోలు దండగ. లైబ్రరీలో కూర్చున్నాలే, అక్కడ హీటర్ బావుంది. ఏడవకు. నా బాక్స్ తెచ్చావా?"

ఇచ్చాను. అక్కడే, స్టీరింగ్ ముందు కూర్చుని మిగిలిన సగం తిన్నారు. "కొంచెం పులిసింది," అన్నారు.

సోమవారం పొద్దున బస్సు వేళలు వెతుకుతుంటే కింద హారన్ మోగింది. పరుగెత్తుకెళ్తే కార్లో బాబాయి, పక్కసీట్లో మంకీ క్యాప్ పెట్టుకుని నా బాక్స్. నేను తీసుకోనన్నాను. నిజంగానే సిగ్గుతో చచ్చిపోయాను.

"ఉద్యోగం పోయింది గానీ పొయ్యి పోలేదుగా," అన్నారు. పక్క తలుపు తెరిచి, "ఎక్కమ్మా. పొద్దున్నే లేవడానికి నాకూ ఒక పని ఉండాలి కదా," అన్నారు.

తనని పంపేసిన ఆఫీసు గేటు దాకా ఆ చలికాలమంతా నన్ను దింపారు. లోపలికి చూసేవారు కాదు. నేను దిగాక బాక్స్ అందించి, "వేళకి తిను," అని కారు తిప్పుకునేవారు. తర్వాత పిన్ని ఒక స్టోర్‌లో పనికి కుదిరింది. బాబాయికి ఇంకెక్కడో చిన్న ఉద్యోగం వచ్చినా పిన్ని బాక్స్ మాత్రం ఆయనే కట్టేవారు. నేను ఇటు సన్నీవేల్‌కి వచ్చేశాక ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, తిన్నావా అనే. ఆయన రుణం తీర్చుకునే దారి నాకు దొరకలేదు.

పిన్ని చెప్పిన ఆ సంగతి ఇది. ఆ రోజు పొద్దున ఎప్పటిలాగే బాక్స్ కట్టి, క్యాప్ తొడిగి, ఆమెని పనికి పంపారట. లంచ్ కాకముందే బాబాయికి గుండెపోటని ఫోన్ వచ్చింది. హాస్పిటల్‌లో అన్నీ అయ్యాక, ఇంటికొచ్చి భుజాన బ్యాగు దించితే అందులో బాక్స్ అలాగే ఉంది. తీసి చూసిందట.

"చక్కగా తోడుకుందమ్మా," అంది పిన్ని. "పులవలేదు కూడా."