కాలువ కట్టేశాక చూడాల్సిన రీడింగు

“ఆ గోతిలో నీళ్ళు పోశాడా, లేదా?” అని మేనేజరు గారు నన్ను అడిగారు. పోశాడని నాకు తెలుసు. ఆ ఉదయం కళ్ళారా చూశాను. “నేను చూడలేదండి” అన్నాను. ఆ ఒక్క మాటతో ఒక మనిషి పదకొండేళ్ళుగా చేస్తున్న పని పోయింది. ఈ సంగతి ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజమండ్రికి దగ్గరలో కాలువ గట్టునే ఉన్న ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో కంప్యూటర్ల ఇంజనీరుగా చేరాను. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. లారీల కాటా, ల్యాబు, ఆఫీసు మూడింటినీ ఒకే నెట్‌వర్కులోకి తేవాలి. ఏ సామాను కొనాలో తేల్చే పని నాది. షెడ్లకూ ఆఫీసుకూ మధ్య ఫైబర్ కేబులు, ఆఫీసులో ఏసీ గది, అందులో సర్వరు, కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్కు స్విచ్చులు, యూపీఎస్ అని జాబితా రాశాను.

ఫ్యాక్టరీలో కరెంటు పని చూసే మేస్త్రి కొవ్వూరు నుంచి వంతెన దాటి సైకిలు మీద వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. వచ్చే జూన్‌లో పర్మినెంటు చేస్తామని మేనేజరు గారు మాటిచ్చారు. మేస్త్రి బతుకంతా ఆ జూన్ కోసమే ఎదురుచూస్తూ ఉండేది.

నా జాబితాలో రెండో ఎర్తు గొయ్యి కూడా చేర్చమన్నాడాయన. పిడుగు పడినా, కరెంటు ఎక్కువైనా, అదంతా నేలలోకి దిగిపోవడానికి తవ్వే గొయ్యి అది. అడుగున రాగి పలక, చుట్టూ ఉప్పూ బొగ్గూ. మన్ను తడిగా ఉన్నంతకాలమే పనిచేస్తుంది. ఉన్న గోతికి జూలైలో నేనే మీటరు పెట్టి చూశాను. ఒక ఓము వచ్చింది. ఈ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది, ఒకటంటే ఇక తిరుగులేదు.

సామాను తేల్చే మీటింగుకి మేస్త్రిని కూడా పిలిచారు. కుర్చీ మాత్రం ఎవరూ వేయలేదు.

“ఇప్పుడు బానే ఉంటాదండి. పక్కన కాలవ నిండా నీళ్ళు కదండీ. వేసంగిలో కాలవ కట్టేశాక చూడాలండి” అన్నాడు.

“గొయ్యా, ఇంకో పెద్ద స్విచ్చా? రెండూ కుదరవు. ఏదో ఒకటి చెప్పండి” అన్నారు మేనేజరు గారు.

నాకు స్విచ్చు కావాలి. ముందు వరసలో లైట్లు మినుకుమనే పెద్దది.

“మేస్త్రి గారూ, మనం వేసే ఫైబరు గాజు తీగ. గాజులో పిడుగు నడుస్తుందని మీరెక్కడ చదివారు?” అన్నాను. అందరూ నవ్వారు.

“గాజులో రాదండి బాబూ. కరెంటు తీగలో వచ్చేత్తాది కదండీ.”

“దాని సంగతి యూపీఎస్ చూసుకుంటుంది. మీరు బల్బులు చూసుకోండి.”

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. ఆయన ముందే జాబితాలో రెండో గొయ్యి మీద గీత కొట్టాను.

ఆయన రోజూ పొద్దున్నే ఉన్న పాత గోతిలో రెండు బకెట్ల నీళ్ళు పోసేవాడు. దానికి ‘అభిషేకం’ అని పేరు పెట్టింది నేనే. సర్వరు గదికి పూజ చేసిన రోజు ఒక కొబ్బరికాయ ఆయన చేతికిచ్చి, “మీ స్వామికి కూడా కొట్టండి మేస్త్రి గారూ” అన్నాను. స్టాఫంతా చుట్టూ చేరారు. ఆయన గోతి దగ్గర కాయ కొట్టి, ముక్కలు చేసి అందరికీ పంచాడు. నాకూ ఇచ్చాడు. తిన్నాను.

వేసవిలో నీళ్ళు వదలడం ఆపి కాలువ కట్టేశారు. గట్టు పక్క మన్ను నెర్రెలిచ్చింది. ఒకరోజు మేస్త్రి క్యాలెండరు కాగితం వెనక రీడింగు రాసి తెచ్చాడు. తొమ్మిది.

“అయితే అభిషేకం పెంచండి” అని కాగితం సొరుగులో పడేశాను.

పెంచాడు. దూరంగా ఉన్న బోరు నుంచి రోజుకి ఆరు బకెట్లు మోశాడు. పైన తడి కనిపించేది, అడుగున మాత్రం ఎండిపోయే ఉంది.

మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చి, బయట కరెంటు లైను మీద పిడుగు పడింది. సర్వరు గది తలుపు తీస్తే కాలిన వాసన. యూపీఎస్, పెద్ద స్విచ్చు, సర్వరు అన్నీ పోయాయి. ఫైబరుకి మాత్రం ఏమీ కాలేదు, మేస్త్రి చెప్పినట్టే.

గొయ్యి ఎండిపోయి కరెంటు నేలలోకి దిగలేదని తేలింది. మేనేజరు గారు ఆ ప్రశ్న అడిగింది అప్పుడే. జవాబు చెప్పి నా గదికి వెళ్ళి, సొరుగులోని కాగితం చింపేశాను.

మర్నాడు మేస్త్రిని పనిలోంచి పంపేశారు. గేటు దగ్గర వాచ్‌మన్, నలుగురు కూలీలు చూస్తుండగా సైకిలుకి టిఫిను క్యారేజీ తగిలించుకుంటున్నాడు. వెనక క్యారియరుకి ఆ బకెట్టు కట్టి ఉంది. నావైపు చూశాడు. ఏదైనా అంటానని ఆశపడ్డాడేమో.

“బకెట్టు కంపెనీదండి. అక్కడ పెట్టి వెళ్ళండి” అన్నాను.

అది ఆయన ఇంటినుంచి తెచ్చుకున్నదని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. అప్పుడు మాత్రం ఆయన తాడు విప్పి బకెట్టు కింద పెట్టాడు.

ఆ నెలలోనే రెండో గొయ్యి తవ్వించాను. ఫైల్లో ఆ సలహా నా పేరునే ఉంది.

ఏడేళ్ళకు కొవ్వూరు వెళ్ళాను. మేస్త్రి అక్కడ కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే చిన్న షాపు పెట్టుకున్నాడు. ముందు నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు.

“ఏ మోటారండీ?” అన్నాడు తలెత్తకుండానే. తర్వాత ఎత్తాడు.

“లోపల మాట్లాడుకుందామండి” అన్నాను.

“లోపలెందుకండి? బకెట్టు నలుగురిలోనే కదండీ అడిగారు. ఈళ్ళూ నలుగురే. కానివ్వండి.”

“ఎవరండీ ఈయన?” అన్నాడు ఒక రైతు.

“పెద్ద ఇంజనీరండి. పిడుగుని యూపీఎస్‌కి అప్పజెప్పారు.”

వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు, కూర్చోమనీ అనలేదు. నవ్వు ఆగేదాకా నిలబడి, అప్పుడు చెప్పాను.

“మీరు రోజూ నీళ్ళు పోశారు. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పాను. తొమ్మిదని మీరు రాసిచ్చిన కాగితం నేనే చింపేశాను. రెండో గొయ్యి కొట్టేసింది నేను. బకెట్టు మీది. తప్పంతా నాదేనండి, నన్ను క్షమించండి.”